ఆకలి బొమ్మ కింద ఊరూ పేరూ

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటిదాకా యుద్ధమంటే మనవాళ్లకు పత్రికల్లో చదువుకునే సంగతి. ఆ రోజుతో అది మన సముద్రపు ఒడ్డుకు వచ్చేసింది. జనం మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని, పల్లెల్లో ఉన్న చుట్టాల ఇళ్లకు చేరారు. మద్రాసు నుంచీ వేలాది కుటుంబాలు తరలిపోయాయి. కొన్ని నెలలకు భయం తగ్గింది. ఎవరిళ్లకు వాళ్లు తిరిగొచ్చారు. మనవైపు ఆ గండం అంతటితో గడిచిపోయింది.

ఇదే బంగాళాఖాతం ఒడ్డున పైకి వెళ్తే బెంగాల్. అక్కడ యుద్ధం వేరే దారిన వచ్చింది. ఆకలి రూపంలో వచ్చి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. యుద్ధం జరిగే కాలంలో కళాకారుడు ఏం చేయాలి, సమాజానికి అతను ఏ మేరకు జవాబుదారీ అన్న ప్రశ్న నా ముందుకు వచ్చినప్పుడల్లా నా మనసు 1943 నాటి బెంగాల్‌కే పోతుంది. ఆ కరువులోకి కాగితమూ సిరా పట్టుకుని నడిచి వెళ్లిన ఒక చిత్రకారుడి గురించి ఈ పూట ఎక్కువగా మాట్లాడతాను. ఆయన పేరు చిత్తప్రసాద్.

ముందు ఆ కరువు ఎలా వచ్చిందో రెండు మాటలు చెప్పాలి. వానలు పడక వచ్చిన కరువు కాదది. 1942 మార్చిలో రంగూన్ జపాను వశమైంది. బర్మా నుంచి బియ్యం రావడం ఆగిపోయింది. శత్రువు దిగితే వాడికి తిండి గానీ, ప్రయాణ సాధనం గానీ దొరకకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంతపు జిల్లాల నుంచి ధాన్యం తరలించింది. పదిమందికి పైగా పట్టే పడవల్ని స్వాధీనం చేసుకుంది, ఎన్నిటినో పగలగొట్టించింది. ఆ నదుల దేశంలో పడవ పోతే జాలరికి వేట పోతుంది, రైతుకు ఏటి అవతలి పొలం పోతుంది, కుమ్మరికి సంత పోతుంది. ఇంకోపక్క సైన్యం కోసం కొనుగోళ్లు పెరిగాయి, నోట్ల అచ్చు పెరిగింది, బియ్యం ధర రోజురోజుకూ ఎగబాకింది, వ్యాపారులు సరుకు దాచేశారు. ఇవన్నీ చాలవన్నట్టు 1942 అక్టోబరు 16న పెనుతుపాను మిడ్నపూర్ జిల్లాను ముంచేసింది. ఆ కరువులో చనిపోయినవాళ్లెందరో కచ్చితంగా లెక్కపెట్టినవాళ్లు లేరు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 15 లక్షలంది. తరువాత పరిశోధన చేసినవాళ్లు చాలామంది 30 లక్షల దాకా వెళ్లారు.

ప్రభుత్వం మాత్రం చివరిదాకా కరువు వచ్చిందని ప్రకటించలేదు. ప్రకటిస్తే తానే రాసుకున్న కరువు నిబంధనల ప్రకారం జనానికి తిండి పెట్టాలి, పని చూపించాలి. పత్రికల మీద యుద్ధకాలపు ఆంక్షలున్నాయి. 1943 ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ వీధుల్లో పడి ఉన్నవాళ్ల ఫోటోలు అచ్చువేశాకగానీ బయటి ప్రపంచానికి ఆ ఘోరం కళ్లకు కట్టలేదు. తన పత్రిక ఇంగ్లీషువాళ్లది, తానూ ఇంగ్లీషువాడే, పైగా దేశం యుద్ధంలో ఉంది. ఊరుకోవడానికి ఆయనకు కావలసినన్ని సాకులున్నాయి. ఆయన ఊరుకోలేదు.

ఆ నవంబరులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా తిరిగారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. 1915లో నైహాటిలో పుట్టారు. మిడ్నపూర్, చిట్టగాంగ్ ఊళ్లలో పెరిగారు. బొమ్మలు గీయడం ఏ కళాశాలలోనూ నేర్చుకోలేదు, తనంతట తానే పట్టుపట్టి నేర్చుకున్నారు. కులాన్ని చెబుతుందని భట్టాచార్య అన్న ఇంటిపేరు వదిలేశారు. కమ్యూనిస్టు పార్టీ వారపత్రికకు బొమ్మలు గీసేవారు. పార్టీయే ఆయన్ను కరువు ప్రాంతాలకు పంపింది. ఫోటోగ్రాఫర్ సునీల్ జానా కెమెరా పట్టుకుని, ఈయన కుంచె పట్టుకుని ఆ రోజుల బెంగాల్‌ను మనకు దక్కించారు.

అలా తిరిగి వచ్చి ఆయన ‘హంగ్రీ బెంగాల్’ అని ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో బొమ్మలున్నాయి, బొమ్మల పక్కన తాను చూసింది చూసినట్టు రాసిన మాటలున్నాయి. ఎముకల గూడుగా మారిన మనుషులు, పొట్టలు ఉబ్బిన పిల్లలు, మనుషులు లేని గుడిసెలు, దిక్కులేని శవాలు, వాటి దగ్గర చేరిన కుక్కలూ గద్దలూ. తెల్ల కాగితం మీద నల్ల సిరా, అంతే. కనికరం పుట్టించడానికి ఆయన ఏ హంగూ చేర్చలేదు.

ఆ కాలంలో ఆయన గీసిన కరువు బొమ్మలు చూస్తే నన్ను పట్టి ఆపేది ఒకటుంది. చాలా బొమ్మల మీద ఆ మనిషి పేరు రాసి ఉంటుంది. ఏ ఊరివాడో రాసి ఉంటుంది. ఏం పని చేసి బతికేవాడో, ఇంట్లో ఎవరెవరు పోయారో రాసి ఉంటుంది. ఈ అలవాటు వెనక ఎంత ఆలోచన ఉందో చూడండి. ఆకలితో ఉన్న మనిషిని గీయడం కొత్త కాదు, బిచ్చగాళ్ల బొమ్మలు మన చిత్రకారులూ పాశ్చాత్యులూ ఎందరో గీశారు. ఆ బొమ్మల్లో మనకు కనిపించేది బిచ్చగాడే, ఫలానావాడు కాదు. చిత్తప్రసాద్ బొమ్మలో ఉన్నవాడు నిన్నటిదాకా కొడవలి పట్టి కోతకు వెళ్లినవాడు, వల విసిరినవాడు. ఊరూ పేరూ రాసిన క్షణాన అతను దయ కోసం చెయ్యి చాపిన ఆకారంగా మిగలడు. నాకు జరిగింది ఇదీ అని వాంగ్మూలం ఇచ్చిన మనిషవుతాడు.

సర్కారుకు ఆ సంగతి బాగా అర్థమైంది. పుస్తకం ఐదు వేల ప్రతుల్లో దాదాపు అన్నిటినీ పట్టుకుని తగలబెట్టించింది. ఒక్క ప్రతి ఆయన కుటుంబం దగ్గర భద్రంగా మిగిలింది. దాని నుంచే 2011లో ఢిల్లీలోని ఒక చిత్రశాల పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసింది. అంటే 68 ఏళ్లు ఆ వాంగ్మూలం ఒకే ఒక్క ప్రతి మీద ఆధారపడి బతికింది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. చావుకు దగ్గరైన మనిషి ఎదుట కూర్చుని బొమ్మ గీయడం తగునా? ఆ సమయంలో గంజి పోయాలి గానీ గీతలు గీయడమేమిటి?

ఈ ప్రశ్నకు ఇంకో యుద్ధనగరంలో ఇంకో కళాకారుడు ఇచ్చిన జవాబు వేరు. 1940లో లండన్ మీద రాత్రిళ్లు బాంబులు పడుతుంటే జనం భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకుని అక్కడే నిద్రపోయేవారు. శిల్పి హెన్రీ మూర్ ఆ స్టేషన్లలోకి దిగి చూశారు. వాళ్ల ఎదుట కూర్చుని గీయడం వాళ్ల మర్యాదకు భంగమని ఆయనకు అనిపించింది. చాటున నిలబడి చిన్న చిన్న గుర్తులు రాసుకుని, తరువాత జ్ఞాపకం నుంచి గీశారు. ఆ బొమ్మల్లో మొహాలు స్పష్టంగా ఉండవు. దుప్పట్లలో చుట్టుకుని పడుకున్న మనుషులు వరసగా కనిపిస్తారు, అంతే.

ఒకరు పేరు అడిగి రాసుకున్నారు, ఇంకొకరు మొహం తిప్పుకుని గీశారు. ఇద్దరూ సరైన పనే చేశారని నా నమ్మకం. లండన్‌లో పడుకున్న మనిషిని ప్రభుత్వం గుర్తించింది. అతని పేరు రేషన్ కార్డు మీద ఉంది, అతని కష్టం గురించి రేడియోలో రోజూ చెబుతున్నారు. అతనికి కావలసింది కాస్త చాటు. మిడ్నపూర్ కూలివాణ్ణి గుర్తించినవాళ్లు లేరు. అతను చచ్చిపోతే రాసుకునే చిట్టా కూడా లేదు. అతనికి కావలసింది సాక్షి. బాధ్యత అంటే అన్ని చోట్లా ఒకే రకంగా నడుచుకోవడం కాదు, ఎదుటి మనిషి నుంచి యుద్ధం ఏం లాక్కుందో గమనించి దాన్ని తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించడం.

గంజి సంగతి కూడా చెప్పాలి. అప్పటి కళాకారులు గంజి కేంద్రాలకు దూరంగా ఏమీ లేరు. 1943 మే నెలలో బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ ఏర్పడింది. బెంగాల్ నుంచి పాటగాళ్ల, నటుల దళాలు పంజాబు దాకా, బొంబాయి దాకా తిరిగి, ఆడిపాడి కరువు నిధికి డబ్బు పోగుచేశాయి. బిజన్ భట్టాచార్య రాసిన ‘నవాన్న’ నాటకం 1944లో కలకత్తా రంగస్థలం మీదికి పల్లె రైతును అతని యాసతో, అతని ఆకలితో తీసుకొచ్చింది.

తెలుగునాట ఆ పని బుర్రకథ చేసింది. ప్రజానాట్యమండలి పుట్టిన రోజులవి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పిన గొంతుతోనే బెంగాల్ కరువు కథ చెప్పారు. నాకు ఇది చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. తరతరాలుగా వీరుల కత్తివేటును పొగడడానికి వాడిన తంబురా, గుమ్మెట అవి. ఆ తాళానికి, ఆ దరువుకు వింటున్నవాడి రక్తం ఉడుకెత్తుతుంది. అదే దరువు మీద నాజర్ యుద్ధం వెనక ఉండే ఆకలి చావును వినిపించారు. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం పలికే వంత ఒకరు, రాజకీయం పలికే వంత ఒకరు ఉంటారు. ఇది ఎందుకు జరిగింది, ఎవరి వల్ల జరిగింది అని కథ మధ్యలో ఆపి అడిగే హక్కు ఆ రాజకీయ వంతకు ఉంది. చిత్తప్రసాద్ బొమ్మ పక్కన రాసిన మాటలు చేసిన పనీ అదే. కొన్నేళ్లకు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఏలేవాళ్లకు కళ అంటే ఎంత భయమో ఆ నిషేధాన్ని బట్టే తెలుసుకోవచ్చు.

యుద్ధం వచ్చినప్పుడు ప్రతి పక్షమూ కళాకారుల దగ్గరకు వస్తుంది. పాట రాయమంటుంది, పోస్టరు వేయమంటుంది. తన దేశం మీద దాడి జరిగితే కవి తన వాళ్లకు ధైర్యం చెప్పడంలో తప్పు లేదు. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ పాటలో ఎవరికి చోటు లేదో కూడా కవి చూసుకోవాలి. అవతలి ఒడ్డున చనిపోయిన పిల్లవాడికి చోటు లేదు, ఇవతలి ఒడ్డున మన ప్రభుత్వపు నిర్ణయం వల్లే చనిపోయినవాడికీ చోటు లేదు.

చిత్తప్రసాద్ విషయంలోనూ ఈ ఇరకాటం ఉంది. హిట్లర్ సోవియట్ దేశం మీద దాడి చేశాక ఆయన పార్టీ ఈ యుద్ధాన్ని ప్రజాయుద్ధమంది, క్విట్ ఇండియా ఉద్యమానికి దూరంగా నిలబడింది. ఆయన తిరిగిన మిడ్నపూర్ ఏమో క్విట్ ఇండియాకు గుండెకాయ. తామ్లుక్‌లో 1942 డిసెంబరులో జనం సొంత ప్రభుత్వమే పెట్టుకున్నారు, దానికి తీవ్రమైన అణచివేతను అనుభవించారు. పార్టీ నమ్మకాలను చిత్తప్రసాద్ ఇంటి దగ్గర వదిలేసి వెళ్లలేదు. సరుకు దాచిన వర్తకుల మీద ఆయనకున్న కోపంలో ఆ నమ్మకాలు కనిపిస్తాయి. అయినా బొమ్మలోని మనిషి ఏ తీర్మానాన్నీ బలపరచడానికి వచ్చి కూర్చోలేదు. తనకేం జరిగిందో చెప్పడానికి కూర్చున్నాడు. యుద్ధంలో ప్రభుత్వానికి అండగా ఉన్న పార్టీవాడు వేసిన పుస్తకాన్నే ప్రభుత్వం తగలబెట్టిందంటే, బొమ్మలు పార్టీ మాట కంటే ఎంత దూరం వెళ్లాయో తెలుస్తుంది. తరువాత కొన్నేళ్లకు ఆయన పార్టీకి దూరమయ్యారు. బొంబాయి అంధేరీలో పేదరికంలోనే ఉంటూ, పనికి పోయే పిల్లల బొమ్మలు లినోలియం మీద చెక్కారు, బొమ్మలాటల మీద మనసుపెట్టారు. 1978లో కన్నుమూశారు.

అదే కరువును కలకత్తా వీధుల్లో గీసిన జైనుల్ ఆబెదిన్‌ను కూడా తలుచుకోవాలి. ఆయన కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో ఉపాధ్యాయుడు. మంచి కాగితం కొనే పరిస్థితి లేక పొట్లాలు కట్టే ముతక కాగితం మీద నల్ల సిరాతో గీశారు. తల్లీ బిడ్డా, చెత్తకుండీ, కాకి. అప్పటిదాకా బెంగాల్ చిత్రకళలో పేరున్నది మంచుపొరలాంటి మెత్తని రంగుల శైలి. పురాణ నాయికలకు అది అందంగా అమరింది, ఈ దృశ్యానికి అమరలేదు. చూసినదానికి తగ్గట్టు గీత మారాల్సి వచ్చింది. దేశ విభజన తరువాత ఆబెదిన్ ఢాకాలో చిత్రకళాశాల స్థాపించారు. 1970లో పాలస్తీనా శరణార్థుల శిబిరాలకు వెళ్లి అక్కడి మనుషుల్ని గీశారు. ఒకసారి ఆకలిని కళ్లారా చూసిన చెయ్యి ఇంకో దేశపు నిర్వాసితుణ్ణి పరాయివాడనుకోలేదు.

ఈ బాధ్యతకు ఇంకో ముఖం ఉంది. దాన్ని అందరికంటే నిక్కచ్చిగా చూపినవాడు మృణాల్ సేన్. మనకు తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీసి పెట్టిన దర్శకుడే. 1980లో ఆయన తీసిన ‘అకాలేర్ సంధానే’లో ఒక సినిమా బృందం 1943 కరువు మీద సినిమా తీయడానికి ఒక పల్లెకు వెళుతుంది. స్మితా పాటిల్ అందులో స్మితా పాటిల్‌గానే కనిపిస్తుంది. వచ్చినవాళ్లకు భోజనాలు కావాలి కదా. అంగట్లో సరుకంతా వాళ్లే కొనేస్తుంటే ఆ ఊళ్లో ధరలు పెరిగిపోతాయి. కరువు బొమ్మ తీయడానికి వచ్చినవాళ్లు కరువు తెచ్చారని ఊరు గొణుక్కుంటుంది. చివరికి బృందం సర్దుకుని వెళ్లిపోవాల్సి వస్తుంది. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, సదుద్దేశంతోనే వచ్చారు. ఇంకొకరి దుఃఖాన్ని కథగా మలిచేవాడు ఆ దుఃఖం ఖరీదు ఎవరు కడుతున్నారో చూసుకోవాలని ఆ సినిమా అడుగుతుంది. యుద్ధం మీద కవిత రాసి చప్పట్లు అందుకునే ప్రతివారూ ఆ సినిమా చూడాలని నా కోరిక.

ఈ రోజుల సంగతికి వస్తాను. ఇప్పుడు యుద్ధం మన అరచేతిలోకి ఫోన్లో వస్తోంది. బొమ్మలకు కొదవ లేదు. ఒక యుద్ధంలో తీసిన ఫోటోను ఇంకో యుద్ధానిదని తిప్పుతున్నారు, అసలు జరగనిదాన్ని యంత్రంతో తయారుచేసి పంపుతున్నారు. ఇలాంటి కాలంలో చిత్తప్రసాద్ అలవాటు నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తోంది. ఎవరు, ఏ ఊరు, ఏ రోజు. ఆ మూడూ లేని బొమ్మ ఎంత ఏడిపించినా, దాన్ని నమ్మి ముందుకు పంపే ముందు చెయ్యి ఆగాలి.

ఉక్రెయిన్‌లో విక్టోరియా అమెలినా అని ఒక నవలాకారిణి ఉండేది. 2022లో రష్యా దండెత్తాక నవల పక్కన పెట్టి, యుద్ధ నేరాలను నమోదుచేసే బృందంలో చేరింది. ఇజూమ్ పట్టణం దగ్గర ఒక పల్లెలో వొలోదిమిర్ వకులెంకో అనే పిల్లల రచయితను ఆ మార్చిలో రష్యా సైనికులు పట్టుకుపోయి చంపేశారు. పట్టుకుపోక ముందు ఆయన తన డైరీని ఇంటి తోటలో చెర్రీ చెట్టు కింద పాతిపెట్టాడు. ఆ సెప్టెంబరులో ఊరు విడుదలయ్యాక అమెలినా అతని తండ్రితో కలిసి తవ్వి, దాన్ని బయటికి తీసింది. డైరీ పుస్తకంగా వచ్చింది, ముందుమాట ఆమెదే. 2023 జూన్ 27న క్రమతోర్స్క్‌లో ఒక రెస్టారెంట్ మీద క్షిపణి పడి ఆమె గాయపడింది. జులై 1న చనిపోయింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. యుద్ధకాలపు స్త్రీల మీద తాను రాస్తున్న పుస్తకం పూర్తికాలేదు. 2025లో దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ప్రచురించారు.

గాజాలో 2015లో ‘మేం అంకెలం కాము’ అనే పేరుతో ఒక రచనా కార్యక్రమం మొదలైంది. అక్కడి యువతీ యువకులు తమ జీవితాలను తామే రాసేలా తర్ఫీదు ఇవ్వడం దాని పని. గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించిన కవి రెఫాత్ అలరీర్ అందులో ఎందరికో రాత నేర్పాడు. 2023 డిసెంబరులో ఇజ్రాయెల్ వైమానిక దాడిలో ఆయన చనిపోయాడు. ఉక్రెయిన్, గాజా యుద్ధాల రాజకీయాల మీద వింటున్న మీలో వేర్వేరు అభిప్రాయాలుండవచ్చు. అమెలినా, అలరీర్ చేసిన పని మీద మాత్రం భేదాభిప్రాయానికి తావు లేదని నేను అనుకుంటాను. చచ్చిపోయినవాళ్లను లెక్కలో కలిపేయడానికి వాళ్లు ఒప్పుకోలేదు.

చివరిగా మీ అందరికీ ఒక మనవి. 1942లో బాంబుల భయంతో విశాఖ, కాకినాడ, మద్రాసు వదిలిన కుటుంబాల ఉత్తరాలు, బర్మా నుంచి కాలినడకన ఇల్లు చేరిన తెలుగువాళ్ల కాగితాలు, ఆ కాలపు బుర్రకథల చిన్న పుస్తకాలు, కరువు నిధి కరపత్రాలు ఇంకా కొన్ని ఇళ్లలో అటకల మీద ఉండే ఉంటాయి. నాసిరకం యుద్ధకాలపు కాగితం అది, ముట్టుకుంటే పొడి అవుతుంది. పాత కాగితాల వాడికి వేయకండి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల వాటిని దాచేవాళ్లున్నారు. ఇవ్వడానికి మనసొప్పకపోతే కనీసం ఫోన్‌తో ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టండి. పాత ఫోటోలుంటే వెనకవైపు పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఆ పని చేయండి. ఎవరెవరో చెప్పగలిగేది వాళ్లే.